కుక్కలకి, పిల్లులకి మందులు ఆన్‌లైన్‌లో డిస్కౌంట్‌లో కొనచ్చా? బెంగళూరులో మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్‌లో కుక్కో పిల్లో ఉన్న తెలుగోళ్ల ఇళ్లు ఒక పదిహేను దాకా ఉంటాయి. పొద్దున ఆరింటికి వాకింగ్‌కి గేటు దగ్గర కలుస్తాం, కలిసినప్పుడల్లా ఎవరో ఒకరు ఫోన్ తీసి స్క్రీన్‌షాట్ చూపించి "అక్కా, ఇది సగం ధరకే వస్తోంది, కొనేయనా?" అంటారు. నేను డాక్టర్ని కాదు, ముందే చెప్తున్నా. మా కుక్క లడ్డు విషయంలో ఒకసారి గట్టిగా దెబ్బతిన్నా, అప్పట్నుంచి దీని గురించి చదవడం, మా వెట్ (పశువుల డాక్టర్) గారిని విసిగించడం అలవాటైపోయింది. అందరికీ విడివిడిగా చెప్పి చెప్పి గొంతు పోతోంది కాబట్టి అడిగినవన్నీ ఒకచోట రాస్తున్నా.

అసలు ఆన్‌లైన్‌లో పెట్ మందులు కొనడం సేఫేనా, కాదా? ఒక్క ముక్కలో చెప్పు.

ఒక్క ముక్కలో అయితే, అమ్మేవాడు ఎవడో తెలిస్తే సేఫే. నేనూ ఆన్‌లైన్‌లోనే కొంటా ఇప్పటికీ. లైసెన్స్ ఉన్న ఫార్మసీ, బిల్లు మీద బ్యాచ్ నంబర్, మన వెట్ రాసిచ్చిన చీటీ, ఈ మూడూ ఉంటే వీధి చివర మెడికల్ షాపుకీ దానికీ పెద్ద తేడా ఏం లేదు. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, పెద్ద షాపింగ్ యాప్‌లో కొంటున్నాం కదా అని ధైర్యంగా ఉంటాం, కానీ ఆ యాప్‌లో అమ్మేది యాప్ వాడు కాదు, ఎక్కడో ఉన్న ఇంకొకడు, వాడు నిన్న ఫోన్ కవర్లు అమ్మి ఇవాళ పిడుదుల మందు అమ్ముతూ ఉండచ్చు. ప్రొడక్ట్ పేజీలో "సోల్డ్ బై" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడండి, అక్కడ నొక్కి ఆ సెల్లర్ ఇంకా ఏమేం అమ్ముతున్నాడో చూడటానికి అర నిమిషం చాలు.

మరి సగం ధరకి ఎలా ఇవ్వగలుగుతున్నారు? అన్నీ నకిలీవేనా?

అన్నీ కాదు. షాపు అద్దె లేదు, బల్క్‌లో కొంటారు, కొత్త కస్టమర్ కోసం కూపన్ల మీద డబ్బులు పోస్తారు, ఇవన్నీ న్యాయమైన కారణాలే. ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ సరుకు వదిలించుకోవడం ఇంకో కారణం, అది మోసం కాదు గానీ ఆరు నెలల ప్యాక్ కొన్నాక రెండు నెలలకే డేట్ అయిపోతే మిగతా నాలుగూ చెత్తబుట్టకే కదా.

నేను పెట్టుకున్న కొలత ఇది, నాదే, ఎవరూ చెప్పింది కాదు. ఎంఆర్‌పీ మీద పది నుంచి పాతిక శాతం తగ్గితే మామూలు. పేరున్న కంపెనీ పిడుదుల మాత్రో, పైపెట్టో (మెడ వెనక చర్మం మీద వేసే మందున్న చిన్న గొట్టం) యాభై అరవై శాతం తక్కువకి, అదీ ఎప్పుడూ స్టాక్‌లో ఉండి, ఎవడో పేరు తెలియని సెల్లర్ దగ్గరుంటే నేను ముట్టుకోను. మా వెట్ గారికే కంపెనీ అంత తక్కువకి ఇవ్వదు, ఈయనకెలా ఇస్తోంది?

నువ్వు దెబ్బతిన్నావన్నావ్, ఏం జరిగింది?

లడ్డు నాటు కుక్క, 17 కిలోలు. జూన్‌లో వానలు మొదలవగానే మా వెనక ఖాళీ సైట్‌లో గడ్డి పెరిగి పిడుదులు విపరీతం, చెవుల్లోంచి రోజుకి నాలుగైదు తీసేదాన్ని. క్లినిక్‌లో మూడు పైపెట్ల ప్యాక్ 1,150 అన్నారు, అదే బొమ్మ, అదే రంగు డబ్బా యాప్‌లో 480కి కనిపించింది. తెలివైనదాన్ని అనుకుని రెండు ప్యాకులు కొట్టేశా.

మెడ వెనక వెంట్రుకలు పాయ తీసి మందు వేశా. మామూలుగా ఆ మందు కొంచెం స్పిరిట్ వాసనొచ్చి గంటల్లో ఆరిపోతుంది. ఇది మాత్రం కొబ్బరినూనెలా జిడ్డుగా రెండ్రోజులు అలాగే ఉంది. నాలుగో రోజు చెవిలో మళ్లీ పిడుదులు, నిండుగా రక్తం తాగి ద్రాక్షపండంత ఉన్నాయి. అయినా నాకు బుద్ధి రాలేదు, వానకి కడుక్కుపోయిందేమో అని రెండోది కూడా వేశా. మూడు వారాలకి లడ్డు అన్నం మానేసింది, చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి, ఒకరోజు పొద్దున ముక్కులోంచి రక్తం. టిక్ ఫీవర్, అంటే పిడుదులు కుట్టడం వల్ల వచ్చే జ్వరం. ప్లేట్‌లెట్లు ముప్పై వేలకి పడిపోయాయి. 28 రోజులు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, మూడుసార్లు సెలైన్, ఖర్చు పదకొండు వేలు దాటింది, ప్యాక్‌కి 670 మిగుల్చుకుందామని పోతే.

ఆ పైపెట్ల వల్లే వచ్చిందా అంటే డాక్టర్ గారు అలా తేల్చి చెప్పలేదు, ఒరిజినల్ వేసినా ఒక్కోసారి వస్తుందన్నారు. కానీ తర్వాత క్లినిక్‌లో అసలు ప్యాక్ కొని రెండూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి చూశా. నా డబ్బా మీద బ్యాచ్ నంబర్ ఒకటి, లోపల పైపెట్ రేకు మీద ఇంకొకటి. అసలుదాంట్లో ఎక్స్‌పైరీ రేకులోకి అచ్చుగుద్ది ఉంది, నాదాంట్లో ఇంకుతో ముద్రేశారు, వేలితో రుద్దితే నల్లగా అంటింది. కంపెనీ పేరులో ఒక అక్షరం కాస్త లావుగా ఉంది. లోపల కాగితం లేదు. ఎంఆర్‌పీ మీద ఇంకో స్టిక్కర్. ఇవన్నీ డబ్బా విప్పిన రోజే కనపడేవి, చూసింది ఎవరు?

ప్రిస్క్రిప్షన్ అడగకుండా పంపిస్తున్నారు, మనకి మంచిదేగా?

అదే అసలు డేంజర్ గుర్తు. యాంటీబయాటిక్కులు, స్టెరాయిడ్లు, నొప్పి మందులు చాలావరకు షెడ్యూల్ హెచ్ కింద ఉంటాయి, కొన్ని యాంటీబయాటిక్కులు ఇంకా గట్టి షెడ్యూల్ హెచ్1లో, అది 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. చీటీ లేకుండా ఇవి అమ్మకూడదు, కుక్కకైనా మనిషికైనా. స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టర్ చెప్పకుండా వాడేది కాదని అర్థం, 2016లో కేంద్రం దీని మీద పెద్ద ప్రచారమే చేసింది. వాడు చీటీ అడగలేదంటే రూల్ ఒకటి పక్కన పెట్టాడు, ఒకటి పెట్టినవాడు స్టోరేజ్ రూల్ మాత్రం పాటిస్తాడని నేనైతే నమ్మను.

ఇంకోరకం ఉంది. "మా డాక్టర్ ఫ్రీగా ప్రిస్క్రిప్షన్ ఇస్తాడు" అని కుక్క వయసు, బరువు ఫామ్‌లో నింపించుకుని రెండు నిమిషాల్లో చీటీ పంపేస్తారు. కుక్కని చూడకుండా, గుండె వినకుండా రాసిన చీటీ అది. టెలీ కన్సల్టేషన్ అనేది వేరే, పాత పేషెంట్ని వీడియోలో చూసి డోస్ మార్చడం లాంటిదానికి అది పనికొస్తుంది. ఇది మాత్రం అమ్మడానికి పెట్టుకున్న రబ్బరు స్టాంపు.

ఇండియాలో ఆన్‌లైన్ మందులకి చట్టం లేదా?

1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ యాక్ట్, 1945 రూల్సే పశువుల మందులకీ వర్తిస్తాయి. రిటైల్‌గా అమ్మాలంటే ఫారం 20, 21 లైసెన్సులుండాలి, రాష్ట్ర డ్రగ్ కంట్రోల్ వాళ్లిస్తారు. ఆన్‌లైన్ ఫార్మసీల కోసమే ప్రత్యేకంగా 2018 ఆగస్టులో ముసాయిదా రూల్స్ తెచ్చారు, అవి ఏళ్ల తరబడి ముసాయిదాగానే ఉండిపోయాయి. అదే ఏడాది డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు లైసెన్స్ లేకుండా ఆన్‌లైన్‌లో మందులు అమ్మకూడదని ఆర్డర్ ఇచ్చింది. కాబట్టి సైటు ఎంత అందంగా ఉన్నా కింద లైసెన్స్ నంబర్, అడ్రస్, ఫార్మసిస్ట్ పేరు ఉన్నాయా చూడండి. లేకపోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అడగండి, "లైసెన్స్ నంబర్ చెప్పండి" అనగానే లైన్ కట్ చేసినోడు నాకు ఒకడు తగిలాడు, పని తేలికైపోయింది.

పార్సిల్ వచ్చింది. విప్పేముందు, విప్పాక ఏం చూడాలి?

విప్పేటప్పుడు వీడియో తీస్కోండి, సెక్యూరిటీ దగ్గర్నించి తెచ్చుకున్న దగ్గర మొదలుపెట్టి. రిటర్న్ పెట్టాలంటే అదే ప్రాణం. తర్వాత డబ్బా మీద, లోపల స్ట్రిప్ లేదా పైపెట్ మీద బ్యాచ్ నంబరూ డేటూ కలుస్తున్నాయా, బిల్లు మీద కూడా అదే బ్యాచ్ ఉందా చూడండి. ఎక్స్‌పైరీ 08/2027 అని ఉంటే ఆగస్టు ఆఖరి రోజు దాకా పనికొస్తుందని లెక్క.

పశువుల మందు మీద తప్పకుండా ఉండాల్సినవి రెండున్నాయి, ఇవి చాలామందికి తెలీదు. "నాట్ ఫర్ హ్యూమన్ యూజ్, ఫర్ యానిమల్ ట్రీట్‌మెంట్ ఓన్లీ" అన్న మాట, పక్కన ఏదో ఒక పెంపుడు జంతువు తల బొమ్మ. ఇది రూల్. తయారీదారు లైసెన్స్ నంబర్ కూడా ఉండాలి, బయట దేశం సరుకైతే ఎవరు దిగుమతి చేశారో పేరు, అడ్రస్ ఉండాలి. వేరే దేశం డబ్బా మీద ఇండియా స్టిక్కరే లేదంటే అది దొడ్డిదారిన వచ్చిన సరుకు.

అనుమానం వస్తే కంపెనీ కస్టమర్ కేర్‌కి బ్యాచ్ నంబర్ పెట్టి మెయిల్ చేయండి. డబ్బా ఫోటోలు వెట్ గారికి వాట్సాప్‌లో పెట్టినా ఇట్టే పట్టేస్తారు, రోజూ చేతిలో పట్టుకునేవాళ్లు కదా.

కుక్కకి కొన్న స్పాట్-ఆన్ (మెడ మీద వేసే పైపెట్ మందు) మిగిలింది, పిల్లికి సగం వేయచ్చా?

వద్దు. వద్దే వద్దు. దీని మీద ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

కుక్కల పైపెట్లలో కొన్నిట్లో పెర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉంటుంది. కుక్క లివర్ దాన్ని విరగ్గొట్టేస్తుంది, పిల్లి లివర్‌కి ఆ శక్తి లేదు. మా కింద ఫ్లోర్ ఆంటీ కాంబో ఆఫర్‌లో నాలుగు పైపెట్లు కొని, కుక్కకి ఒకటి వేసి, అదే చేత్తో పిల్లికి "కొంచెమే" వేశారు. సాయంత్రానికి పిల్లి చెవులు అదరడం మొదలైంది, తర్వాత కాళ్లు, తర్వాత ఒళ్లంతా వణుకు, సోఫా కింద దూరి బయటికి రాదు. గోరువెచ్చటి నీళ్లలో అంట్లు తోమే లిక్విడ్ వేసి మెడ కడిగి, టవల్‌లో చుట్టి ఆటోలో పట్టుకెళ్లాం. రెండు రోజులు క్లినిక్‌లో ఉంచారు, బతికింది. ఆన్‌లైన్ పేజీలో "ఫర్ డాగ్స్ అండ్ క్యాట్స్" అని సెల్లర్ రాసేసుకున్నాడు, డబ్బా మీద కుక్క బొమ్మ ఒక్కటే ఉంది. పేజీలో ఉన్నది కాదు, డబ్బా మీద ఉన్నది చదవాలి.

కుక్కకి వేసిన మందు ఆరేదాకా పిల్లిని దాని పక్కన పడుకోనివ్వకండి కూడా. ఇంట్లో కుందేలుంటే ఫిప్రోనిల్ అనే పిడుదుల మందు దానికి వాడకూడదు, అదింకో సంగతి.

మనుషుల మందు, పెట్ మందు ఒకటేగా? మనది చవక కదా, అదే ఆర్డర్ చేస్తే?

కొన్ని నిజంగా ఒకటే. డాక్సీసైక్లిన్, అమాక్సిక్లావ్ లాంటివి మా వెట్ గారే జన్ ఔషధిలో తెచ్చుకోమని రాసిస్తారు, బోలెడు మిగుల్తుంది. కానీ డోస్ ఆయన రాస్తారు, నేను కాదు.

డోస్ ఎందుకు అంత ముఖ్యమో ఒక లెక్క చెప్తా. మెలాక్సికామ్ అనే నొప్పి మందు కుక్కకి రోజుకి సుమారు కిలోకి 0.1 మిల్లీగ్రామ్. అయిదు కిలోల పొమేరియన్‌కి అర మిల్లీగ్రామ్. మనుషుల మాత్ర 15 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే నెల రోజుల మందు ఒక్క గుక్కలో. కిడ్నీలు, కడుపు పోతాయి. దానికి తోడు దురదకని ప్రెడ్నిసలోన్ కూడా నడుస్తుంటే ఇంకా ఘోరం, స్టెరాయిడూ ఈ రకం నొప్పి మందూ కలిపి ఇస్తే కడుపులో పుండ్లు పడతాయి.

పారాసిటమాల్ పిల్లికి ఒక్క మాత్రే ప్రాణం తీయగలదు. ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ కుక్కకి వద్దు. డైక్లోఫినాక్ అనగానే గుర్తొచ్చింది, మన పక్కనే రామనగరలో రాబందుల శాంక్చురీ ఉందే, దేశంలో రాబందులు అంతలా తగ్గిపోవడానికి ముఖ్య కారణం ఈ మందే, పశువులకి ఇచ్చేవాళ్లు, చచ్చిన పశువుని తిన్న రాబందుల కిడ్నీలు పోయేవి. 2006లో పశువులకి వాడకాన్ని నిషేధించారు. ఒక జీవికి పనిచేసేది ఇంకోదానికి విషం ఎలా అవుతుందో చెప్పడానికి నేను దీన్నే చెప్తుంటా. ఇంకోటి, పిల్లల సిరప్పుల్లో కొన్నిట్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, కుక్కలకి అది విషం, లేబుల్ వెనక చదవండి.

ఊర్నించి గేదెల నట్టల మందు, ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ తెప్పించుకుంటే చాలా చవక. ఆన్‌లైన్‌లో కూడా ఉంది.

మా నెల్లూరు వైపు ఇది మామూలు, పాలవాళ్ల దగ్గర్నించి బోలస్ (పశువుల పెద్ద మాత్ర) తెచ్చి విరిచి కుక్కకి పెడతారు. గేదె బరువుకి చేసిన మాత్రని చేత్తో విరిస్తే పది కిలోల కుక్కకి ఎంత వెళ్లిందో దేవుడికే తెలియాలి.

ఐవర్‌మెక్టిన్ ఇంకా భయం. పశువుల ఇంజెక్షన్ 1 శాతం అంటే ఒక ఎంఎల్‌లో 10,000 మైక్రోగ్రాములు. హార్ట్‌వార్మ్ (గుండెలో చేరే పురుగులు) రాకుండా ఇచ్చే డోస్ కిలోకి 6 మైక్రోగ్రాములు, ఇరవై కిలోల కుక్కకి 120. సిరంజిలో చుక్క తేడా వస్తే ఏమవుతుందో మీరే చూస్కోండి. గజ్జికి డాక్టర్లు ఎక్కువ డోసే వాడతారు నిజమే, కానీ చూసి వాడతారు. కాలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ లాంటి జాతుల్లో కొన్నిటికి ఒక జీన్ లోపం వల్ల ఈ మందు మెదడులోకి వెళ్లిపోయి కోమా దాకా పోతాయి.

పిడుదుల మాత్రలు, అవే బ్రావెక్టో, నెక్స్‌గార్డ్, సింపారికా, వీటికి డాక్టర్ ఎందుకు? బరువు చూసి కొనేస్తే సరిపోదా?

బరువు మొదటి మెట్టు, అదే చాలామంది తప్పు చేస్తారు. బ్రావెక్టోలో 10 నుంచి 20 కిలోలకి ఒక సైజు, నెక్స్‌గార్డ్‌లో 10 నుంచి 25కి, కంపెనీకో లెక్క. డిస్కౌంట్ పెద్ద సైజు మీదే ఉందని కొని రెండు చిన్న కుక్కలకి పంచేస్తారు, ముక్కలో మందు సమానంగా ఉంటుందని ఎవరూ గ్యారంటీ ఇవ్వరు. బ్రావెక్టో సుమారు 12 వారాలు, మిగతా రెండూ నెలకోసారి, ధర పోల్చేటప్పుడు నెలకి ఎంత పడుతుందో చూసి పోల్చండి, ఊరికే డబ్బా ధర చూసి గుండెలు బాదుకోకుండా.

డాక్టర్ ఎందుకంటే, ఈ కుటుంబం మందుల వల్ల కొన్ని కుక్కల్లో వణుకు, ఫిట్స్ వస్తాయని 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఎక్కువ కుక్కలకి ఏం కాదు, లడ్డు ఇప్పుడు దీని మీదే ఉంది. కానీ ఇంతకుముందు ఫిట్స్ వచ్చిన కుక్కైతే వేరే దారి చూడాలి, అది యాప్ అడగదు.

వ్యాక్సిన్లు, ఇన్సులిన్ కూడా ఆన్‌లైన్‌లో ఉన్నాయి...

వ్యాక్సిన్ వద్దు. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి అది, డెలివరీ అబ్బాయి బ్యాగులో సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో గంటన్నర ఉన్నాక లోపల ఏం మిగిలిందో కంటికి కనపడదు. రేబిస్ టీకా పనిచేయకపోతే కుక్కతో పోదు, ఇంట్లో పిల్లల మీదికొస్తుంది. పైగా రికార్డు బుక్కులో వెట్ సంతకం, స్టిక్కర్ ఉండాలి.

ఇన్సులిన్ ఐస్ ప్యాక్‌లో పంపే మంచి ఫార్మసీ అయితే ఫరవాలేదు, ప్యాక్ చల్లగా అందిందా చెయ్యి పెట్టి చూడండి, గడ్డకట్టి ఉన్నా పనికిరాదు. సిరంజి మాత్రం జాగ్రత్త. ఎంఎల్‌కి 40 యూనిట్లుండే ఇన్సులిన్‌కి 40 సిరంజి, 100 యూనిట్లదానికి 100 సిరంజి. చవగ్గా దొరికిందని 100 ఇన్సులిన్ తెచ్చి పాత 40 సిరంజిలో పది గీత దాకా లాగితే లోపలికెళ్లేది 25 యూనిట్లు. షుగర్ పడిపోయి కుక్క లేవదు.

మా పిల్లికి ఎఫ్‌ఐపీ (పిల్లులకొచ్చే ప్రాణాంతక వైరస్ జబ్బు) అన్నారు, దానికి జీఎస్ మందు ఆన్‌లైన్‌లో వయల్స్ (చిన్న సీసాలు) అమ్ముతున్నారు...

ఇది కష్టమైన ప్రశ్న, అడిగినవాళ్ల కళ్లల్లో నీళ్లు చూశాక "కొనకండి" అని చెప్పడం నావల్ల కాలేదు. జీఎస్-441524 నిజంగా పనిచేసే మందు, ఒకప్పుడు ఎఫ్‌ఐపీ అంటే చావే. బ్రిటన్‌లో 2021 నుంచి డాక్టర్ రాసిస్తే చట్టబద్ధంగా దొరుకుతోంది, అమెరికాలో 2024 జూన్ నుంచి. పేరు లేని వయల్స్‌లో మందు ఎంత శాతం ఉందో అమ్మినోడికీ తెలియకపోవచ్చు, అదే సమస్య. కొనాల్సి వస్తే ముందు వెట్‌తో మాట్లాడండి, చాటుగా వాడకండి. వారం వారం బరువు, రక్తపరీక్షలు చూస్తూ డోస్ మార్చాల్సిన కోర్సు అది, మామూలుగా 12 వారాలు.

మా అక్క డల్లాస్‌లో ఉంది, అక్కడ్నించి పంపిస్తానంటోంది. అమెరికా సరుకైతే నమ్మచ్చుగా?

అమెరికాలో నకిలీలు లేవని ఎవరన్నారు? 2004లోనే అడ్వాంటేజ్, ఫ్రంట్‌లైన్ అనే పెట్ మందుల పేర్లతో నకిలీ ప్యాకులు దొరికాయి, అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ అమ్మకాలు ఆపించింది. అక్కడా చీటీ అడగని సైట్లని నమ్మొద్దని ఎఫ్‌డీఏ మొత్తుకుంటూనే ఉంటుంది. తేడా ఏంటంటే వాళ్లకి ఆన్‌లైన్ ఫార్మసీలకి గుర్తింపు ఇచ్చే పద్ధతి ఒకటుంది, సైటు పేరు చివర డాట్ ఫార్మసీ అని ఉంటే తనిఖీ అయినట్టు. మీ అక్కకి ఆ సంగతి చెప్పండి, ఆవిడ కుక్క కోసం. ఇక్కడికి పార్సిల్ చేస్తే కస్టమ్స్‌లో ఆగచ్చు, దార్లో ఎండకి ఎన్నిరోజులుందో తెలీదు, రియాక్షన్ వస్తే మన వెట్‌కి ఆ బ్రాండే తెలియకపోవచ్చు.

హార్ట్‌వార్మ్ మాత్రలు కూడా అలా తెప్పించి మొదలెట్టేయకండి, ముందు రక్తపరీక్ష చేయించాలి. లోపల ఇప్పటికే పురుగులుంటే ఆ మాత్రతో ఒక్కసారిగా రియాక్షన్ వస్తుంది.

ఇన్ని చెప్పావ్ సరే, మరి ఖర్చు తగ్గేదెలా? క్లినిక్‌లో బాదేస్తున్నారు.

బాదుతున్నారు, ఒప్పుకుంటా. మొహమాటం లేకుండా అడగడమే మొదటి పని. "సార్, మందు పేరు జనరిక్‌లో రాయండి, బయట తెచ్చుకుంటా" అంటే మా వెట్ గారు నవ్వి రాసిచ్చారు. ఇంకో ఆయన మొహం ముడుచుకున్నారు, ఆయన దగ్గరికి మళ్లీ పోలేదు. ఆన్‌లైన్ ధర చూపించి "ఇంతకి ఇస్తారా" అంటే కొంత తగ్గించే క్లినిక్కులూ ఉన్నాయి.

మనుషులకీ వాడే మందైతే జన్ ఔషధి, షాపతను "చీటి ఇదెయా?" అంటాడు, చూపిస్తే ఇస్తాడు. హెబ్బాళ్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో ఫీజు ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ, పొద్దున్నే వెళ్లి లైన్లో నిలబడాలి, ఒక పూట పోతుంది, కానీ చూసే డాక్టర్లు బాగా చూస్తారు. పశువులకి కూడా చవక జనరిక్కులు ఇవ్వడానికి పశు ఔషధి అని 2025 మార్చిలో కేంద్ర క్యాబినెట్ ఓకే చేసింది.

రోజూ వాడాల్సిన మందులు, ఫిట్స్‌కి ఫినోబార్బిటాల్ లాంటివి, డిస్కౌంట్ కోసం ఎదురుచూస్తూ ఖాళీ చేసుకోకండి. రెండు రోజులు ఆగిపోతే ఫిట్స్ ఒకదాని మీద ఒకటి వస్తాయి. కనీసం రెండు వారాలది చేతిలో ఉండగానే ఆర్డర్ పెట్టాలి.

మందు వేశాక ఏదో తేడాగా ఉంది. ఎవరికి చెప్పాలి?

ముందు వెట్, తర్వాతే గొడవ. డబ్బా, స్ట్రిప్, బిల్లు సంచిలో వేసుకుని వెళ్లండి, చెత్తలో పడేసి "తెల్లటి మాత్ర సార్" అంటే వాళ్లేం చేస్తారు.

నకిలీ అనిపిస్తే రాష్ట్ర డ్రగ్ కంట్రోల్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయచ్చు, మిగిలిన మందు సీల్ తీయకుండా ఉంటే ఇంకా మంచిది. డబ్బుల సంగతికి 1915 నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం మీ ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. నా 960 వెనక్కొచ్చింది, పంతొమ్మిది రోజులు పట్టింది, ఆ సెల్లర్ మాత్రం ఇంకో పేరుతో అదే ఫోటో పెట్టుకుని అమ్ముతూ కనిపించాడు.

వీధి కుక్కలకి బల్క్‌లో కొంటున్నాం, అంత ఖర్చు పెట్టలేం కదా?

నలుగురు చందాలేసుకుని కొనేటప్పుడు తెలిసిన వెట్ ద్వారా హోల్‌సేల్‌లో తీసుకోండి, తక్కువకే పడుతుంది, బిల్లు కూడా ఉంటుంది. అమిట్రాజ్ లాంటి, నీళ్లలో కలిపి పూసే పిడుదుల మందులు కొంటే కలిపే లెక్క సీసా మీదే చదవండి, ఎవరో చెప్పిన మూత లెక్క కాదు.

మిగిలిపోయిన, అనుమానం ఉన్న మందుల్ని ఏం చేయాలి?

సింకులో, టాయిలెట్లో పోయకండి, వేరే వాళ్లకి ఇచ్చేయకండి. క్లినిక్‌లో అడిగితే చాలామంది వాళ్ల మెడికల్ చెత్తతో పాటు తీసుకుంటారు. ఇచ్చేముందు డబ్బాని చింపేయండి, ఖాళీ డబ్బాలు కొనేవాళ్లు కూడా ఉన్నారు, మళ్లీ నింపి అమ్మడానికే కదా.

నా దగ్గర ఆ నకిలీ ప్యాకుల్లో వాడని పైపెట్లు నాలుగు ఇంకా ఉన్నాయి. లడ్డు బెల్టు తగిలించే మేకు పక్కన షెల్ఫులో పెట్టి డబ్బా మీద మార్కర్‌తో "వాడొద్దు" అని రాశా. స్క్రీన్‌షాట్ పట్టుకుని ఎవరైనా వస్తే అదీ అసలుదీ రెండూ చేతికిచ్చి ఏది ఏదో చెప్పమంటా. మొన్న వచ్చిన అబ్బాయి నకిలీదే అసలుదన్నాడు.